మా ఇంట్లో సినిమా

మామిడికాయల సీజను అయిపోతే బంగారుపాళ్యంలో సగంమందికి చేతులు ఖాళీ. మండీల్లో తోతాపురి లోడ్లు నిలిచిపోతాయి. గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్ల వరస కరిగిపోతుంది. అట్లాంటి రోజుల్లో ఈసారి నేనూ మా అమ్మా ఇంట్లో కూర్చోని సినిమాలు చూసినాము. కొత్తవి కొన్ని, పాతవి కొన్ని. అమ్మకు పోయినేడు కంటి ఆపరేషనయింది. ‘టీవీలో ఇన్ని రంగులుండాయని నాకు ఎవురూ చెప్పలేదే’ అని మురిసిపోతా వుంది.

సినిమా విషయంలో అమ్మకు మొహమాటం లేదు. హీరో ఎవరైనా, సినిమా ఎన్ని కోట్లదైనా, తమలపాకు దవడన పెట్టుకోని ఒక్క మాటతో తేల్చేస్తుంది. ఆ మాటలన్నీ మా ఇంటి ఉర్దూలో అంటుంది. పుస్తకాల ఉర్దూ కాదు. సగం తెలుగు, పాతిక అరవం, పాతిక కన్నడం. లెక్కేస్తే ఉర్దూకు చోటు మిగలదు గానీ మేం దాన్ని ఉర్దూ అనే అంటాం. ఇక్కడ నేను ఆమె మాటల్ని తెలుగులో చెప్తున్నాను. ఆమె తెలుగు కూడా నా తెలుగు కంటే బాగుంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీంతో పనుంది.

మొదట ‘ఆర్ఆర్ఆర్’ (2022) చూసినాము. అందులో చిన్న ఎన్టీఆర్ అడివి మనిషి భీమ్. ఢిల్లీలో దాక్కునేదానికి అక్తర్ అని పేరు పెట్టుకోని ముస్లిం వేషంలో వుంటాడు. పులులొచ్చినా అమ్మ చలించలేదు. నాటు నాటు డాన్సుకు మాత్రం కాలు ఆడించింది. అంతా అయినాక అడిగింది:

‘‘ముస్లిం వేషమంటే కండ్లకు సుర్మా పెట్టాల్నా? మీ అబ్బా పండగపూట తప్ప ఎప్పుడన్నా సుర్మా పెట్టినాడా?’’

పెట్టలేదు. మా అబ్బా తెల్లపంచె కట్టుకోని, భుజాన టవలేసుకోని మండీకి పోయేవాడు. బయటూరి వ్యాపారులు ‘ఏం నాయుడూ, కాయ ఎట్ల?’ అని పలకరించేవాళ్ళు. అబ్బా కూడా కాయ ధర చెప్పేవాడే గానీ, నేను నాయుడ్ని కాదు సాయిబునని చెప్పేవాడు కాదు. బేరం మధ్యలో ఆ మాట ఎందుకు? మా ఊరి సంతలో నిలబడి ఎవరు ఏమిటో మొహం చూసి చెప్పమంటే దేవుడు కూడా చెప్పలేడు. సినిమాకు మాత్రం చెప్పక తప్పదు. అందుకే టోపీ, సుర్మా, పచ్చలుంగీ, మెడలో తాయెత్తు. ఇంటి ముందర పేరు బోర్డు కొట్టినట్టు.

దుస్తులు సరే. భాష సంగతి ఇంకా అన్యాయం. తెలుగు సినిమాలో సాయిబుకు తెలుగు రాకూడదు. ‘నేను పోతాది, నువ్వు వస్తాది’ అనాల. ఆడామగా కలిసిపోవాల, జనం నవ్వాల. నేను ఎనిమిదో తరగతిలో వున్నప్పుడు స్కూలు వార్షికోత్సవానికి నాటకం వేసినారు. ఒక అయ్యవారు ‘సాయిబు వేషం నువ్వెయ్యిరా, నీకు సులభం’ అన్నాడు. నేను నాకొచ్చిన తెలుగులో చెప్పినాను. ‘అట్ల కాదురా, సాయిబు మాదిరి మాట్లాడు’ అన్నాడు. నేను సాయిబునే కదా సార్ అనే తెలివి అప్పటికి నాకు లేదు. రెండు వీడియో క్యాసెట్లు చూసి, సినిమాలో సాయిబులు ఎట్ల మాట్లాడతారో నేర్చుకోని, వచ్చిన తెలుగును పాడుచేసుకోని, మొదటి బహుమతి తెచ్చుకున్నాను. స్టీలు గ్లాసు. అది ఇంకా మా ఇంట్లో వుంది. అమ్మ అందులో పాలు తోడేస్తుంది.

మా వీధిలోనే దూదేకులోళ్ళ ఇండ్లున్నాయి. వాళ్ళకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. తాత ముత్తాతల నుంచి తెలుగే. నమాజు చదువుతారు, రోజా వుంటారు, తిట్టుకుంటే తెలుగులో తిట్టుకుంటారు. వాళ్ళను ఏ సినిమాలో పెట్టాల? వాళ్ళకు ఏ యాస నేర్పాల?

‘పుష్ప’ (2021) చూసినప్పుడు మాత్రం అమ్మకు పట్టపగ్గాల్లేవు. శేషాచలం ఎర్రచందనం కథ. అల్లు అర్జున్ నోట మన చిత్తూరు మాట. ఆ వేషానికే ఆయనకు జాతీయ అవార్డొచ్చింది, ఉత్తమ నటుడుగా తెలుగువాళ్ళలో అదే మొదటిది. ‘‘మునుపు మన మాట మాట్లాడితే వంటోడో, దొంగోడో అయ్యుంటాడు. ఇప్పుడు హీరో మాట్లాడినాడు’’ అనింది. వీడూ దొంగే కదమ్మా అంటే, ‘‘హీరో దొంగ వేరే’’ అనింది. సినిమా అంతా నవ్వుకుంటా చూసి, అయిపోతుందనగా మెల్లగా అడిగింది:

‘‘కూలోళ్ళున్నారు, లారీలోళ్ళున్నారు, పోలీసులున్నారు. ఇంతమందిలో మనోడి పేరొకటి నా చెవిన పడలేదే. మన లారీ డ్రైవర్లంతా యాడికి పోయినారు?’’

మా ఊరు బెంగుళూరు రోడ్డు మీదుంది. ఇక్కడ లారీ అంటే సగం మా వాళ్ళే. చిన్నాయన, మేనమామ, అక్క మొగుడు, అందరూ స్టీరింగు మీదే తలనెరిసినోళ్ళు. అమ్మను ఊరడించేదానికి చెప్పినాను, ‘‘చివర్లో గుండు పోలీసాయన వచ్చినాడు చూడు, ఆయన మనోడే. కేరళాయన. ఫహద్ ఫాసిల్.’’

‘‘షెకావత్ అన్నారే?’’

‘‘వేషం షెకావతమ్మా. మనిషి ఫహద్.’’

అక్కడినుంచి మాకిద్దరికీ ఇదొక ఆటయిపోయింది. ‘సీతారామం’ (2022) పెట్టినాను. లెఫ్టినెంట్ రామ్ వేసింది దుల్కర్ సల్మాన్ అని చెప్పినాను. ‘‘రాముడు మనోడా!’’ అని నోటిమీద చెయ్యేసుకుంది. వాళ్ళ నాయన మమ్ముట్టి అన్నాను. మమ్ముట్టి ఎవరో ఆమెకు పేరుతో తెలీదు. కె. విశ్వనాథ్ తీసిన ‘స్వాతికిరణం’ (1992)లో శిష్యుడి విద్య చూసి కుళ్ళుకునే సంగీతం గురువు అనంతరామశర్మ అంటే గుర్తొచ్చింది. ‘‘ఆ శర్మ కూడానా!’’ ఆ శర్మే మళ్ళా ‘యాత్ర’ (2019)లో రాజశేఖరరెడ్డి. నాయన శర్మా రెడ్డీ అయితే కొడుకు రాముడయినాడు. ఎవరూ వాళ్ళ ప్రవర్తన చూసి తప్పుపట్టలేదు. పట్టకూడదు కూడా. చేసినోళ్ళు ఒద్దికగా చేసినారు.

కానీ నాకు ఒళ్ళుమండింది. మనోళ్ళు వాళ్ళ వేషమేస్తే సంగీతం తాళం నేర్చుకుంటారు. వాళ్ళు మన వేషమేస్తే సుర్మా కొనుక్కొస్తారు. ఈ మాట అమ్మతో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో తర్వాత చెప్తాను. ‘సీతారామం’ మీద ఆమె తీర్పు మాత్రం ఇది: ‘‘సీత అసలు పేరు నూర్జహాన్ అన్నారు. అంత పెద్ద ఇంట్లో ఒక్కరన్నా బిస్మిల్లా అని అన్నం తినింది చూపించలేదు. పేరొక్కటే మనది.’’ అయినా ఏడ్చింది. ఉత్తరాలు చేరకపోతే ఏడ్చేదానికి ఏ మతమైతేనేమి.

పాత సినిమాల్లో మంచి సాయిబులకు కొదవలేదు. అబ్బాకు ‘నిప్పులాంటి మనిషి’ (1974) అంటే ప్రాణం. అందులో సత్యనారాయణ వేసిన షేర్ ఖాన్ ఎన్టీఆర్ కోసం ప్రాణమిచ్చే మనిషి. అబ్బా ఆ షేర్ ఖాన్ నడక నడిచి చూపించేవాడు. హీరోకోసం గుండె చించిచ్చేవాడు మంచి సాయిబు. 1990ల తర్వాత రెండో సాయిబు బయల్దేరినాడు, బాంబు సాయిబు. ఈ ఇద్దరి మధ్య మూడోవాడు లేడు. కృష్ణవంశీ ‘ఖడ్గం’ (2002) ఈ ఇద్దరినీ ఒకే ఇంట్లో పెట్టింది. తమ్ముడు అజహర్ తీవ్రవాది, అన్న అమ్జాద్ దేశభక్తుడు. ఆటో తోలే అమ్జాద్‌గా ప్రకాష్‌రాజ్ ప్రాణంపెట్టి చేసినాడు, దానికి వంకపెట్టను. కానీ ఆ ఇంట్లో మూడో కొడుకొకడుండి, వాడు ఏమీ కాకుండా వుండుంటే బాగుండేదనిపిస్తుంది.

మొన్న ఆగస్టు పదిహేనున టీవీలో ఆ సినిమా వస్తున్నప్పుడు పక్కింటి అక్క కూడా వచ్చి కూర్చుంది. మంచి మనిషి. అమ్మ ఆపరేషనుకు రెండు రోజులు ఆసుపత్రిలో పడుకున్నది ఆమే. సినిమా చూస్తా చూస్తా, మాకెక్కడ నొచ్చుకుంటుందోనని అమ్మ చెయ్యి పట్టుకోని, ‘‘మీరట్ల కాదులే ఒదినా, మీరు వేరే’’ అనింది.

ఈ మాట మీలో ఎవరన్నా మీ ముస్లిం మిత్రుడితో అనుంటారు. ప్రేమతోనే అనుంటారు. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ‘‘మేం వేరే కాదు ఒదినా. మేమెట్ల వుండామో అందరూ అట్లనే వుంటారు’’ అని, టీ పెట్టేదానికి లేచింది. అక్క కాసేపు మాట్లాడలేదు. టీ మాత్రం తాగింది.

క్రిష్ తీసిన ‘వేదం’ (2010) నాకు చాలా ఇష్టం. మనోజ్ బాజ్‌పాయ్ రహీముద్దీన్ ఖురేషి. పోలీసు అనుమానం ఆ ఇంటిని ఏం చేసిందో ఆ సినిమా చూపించినట్టు తెలుగులో ఇంకోటి చూపించలేదు. అమ్మ కొంగుతో కండ్లొత్తుకుంటానే చూసింది. చివర్లో ఆసుపత్రిలో తుపాకులు పేలేటప్పుడు, తనను అన్యాయంగా తీవ్రవాదన్న ఆ పోలీసునే రహీముద్దీన్ కాపాడతాడు. హాల్లో అయితే ఇక్కడ చప్పట్లు పడతాయి. అమ్మ ఏమనిందంటే:

‘‘కాపాడినాడు, మంచిదే. కాపాడకుండా వుండుంటే ఆయన మంచోడు కాకపోతాడా?’’

నేను ఆ సినిమా నాలుగుసార్లు చూసినాను. ఈ ప్రశ్న నాకు తట్టలేదు.

తర్వాత ఒక మలయాళం సినిమా పెట్టినాను, ‘సుడానీ ఫ్రమ్ నైజీరియా’ (2018). జకరియా తీసినాడు. మలప్పురంలో ఫుట్‌బాల్ జట్టు నడిపే మజీదు, ఆడేదానికొచ్చిన నల్లజాతి పిలగాడు శామ్యూల్. వాడు కాలువిరిగి వీళ్ళింట్లో పడతాడు. మజీదు తల్లీ, పక్కింటి ముసలామే వాడికి సేవ చేస్తారు. అంతే కథ. ఒక్కొక్క మాటా నేను ఉర్దూలో చెప్తావుంటే అమ్మ విన్నది. కాసేపటికి, ‘‘నువ్వు చెప్పొద్దులే, నాకు తెలుస్తావుంది’’ అనింది. ఆ ముసలోళ్ళిద్దరి నడక, తలమీద గుడ్డ సర్దుకునేది, వాకిట్లో కూర్చోని ఊర్లోవాళ్ళ సంగతులు మాట్లాడుకునేది, అంతా మా ఇల్లే. ‘‘వీళ్ళు బాంబూ వెయ్యలేదు, జెండా పట్టుకోని పరిగెత్తనూ లేదు. అన్నం పెట్టినారు, ముడ్డి కడిగినారు. ఇట్లాటిది మన తెలుగులో తియ్యలేరా?’’

ఆ ఇద్దరు ముసలోళ్ళ వేషాలేసింది సావిత్రీ శ్రీధరన్, సరసా బాలుశ్శేరి. కోళికోడు నాటకాల్లో పండినవాళ్ళు. పేర్లు చెప్పినాను. అమ్మ నవ్వింది. ‘‘చూసినావా? ఎవరు వేసినారనేది కాదు. పక్కింటోళ్ళు వంటింట్లోకి వచ్చి కూర్చునింటే తెలుస్తుంది. వాకిట్లో నిలబడి చూసిపోతే సుర్మానే కనపడతాది.’’ సుర్మా మీద నేను చెప్పిన మాట ఆమె ఎందుకు ఒప్పుకోలేదో అప్పుడర్థమైంది.

ఇక అసలు సంగతి. మేం సినిమాలు ఇంట్లోనే ఎందుకు చూస్తాం?

కాలేజీలో మిత్రులు, లౌకికవాదులే, అనేవాళ్ళు: ‘మీ ఆడోళ్ళను సినిమాకు పోనివ్వరు కదా, అందుకే ఇంట్లో డెక్కు.’ నేను కూడా అదే అనుకున్నాను. అబ్బా ముసలితనంలో దీన్‌లో పడినాడు, అమ్మను హాలుకు తీసుకుపోవడం మానేసినాడు అనుకున్నాను. కొంచెం కోపం కూడా వుండేది.

మా ఇంటికి టీవీ వచ్చింది 1990లో. సంజయ్ ఖాన్ తీసిన టిపూ సుల్తాన్ సీరియల్ కోసమే అబ్బా అప్పుచేసి తెచ్చినాడు. వాళ్ళ నాయన హైదర్ అలీ కన్నుమూసింది మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలోనే, 1782 డిసెంబరులో. అందుకని మా ముసలోళ్ళకు ఆ కథ చుట్టాల కథ మాదిరి. పాట మొదలయ్యే ముందు ఒక ప్రకటన వచ్చేది: ఇది కల్పితం, టిపూ జీవితంతో దీనికి సంబంధం లేదని. గొడవలయినాయి, కోర్టుకు పోయినారు, అందుకని. అది గిద్వానీ నవల ఆధారంగా తీసిందని, కాబట్టి ఆ మాటలో సగం న్యాయముందని పెద్దయినాక తెలిసింది. కానీ అప్పుడు మా దాదా ‘రాముడొచ్చినప్పుడు ఈ బోర్డు వెయ్యలేదే’ అన్నాడు. ఆ మాట ఇంకా చెవిలో వుంది. అప్పటికి అబ్బా హాలుకు పోవడం మానలేదు. పెద్ద ఎన్టీఆర్ పాత సినిమాలు మళ్ళీ ఆడితే అమ్మను వెంటబెట్టుకోని చిత్తూరు దాకా పోయేవాడు.

నా సంగతి చెప్తాను. 1993లో స్కూలు పిలకాయలమంతా బస్సెక్కి పలమనేరు పోయి ‘రోజా’ చూసినాము. పాటలకు నేలమీద కాలు నిలవలేదు. తర్వాత ఆ సీను. కాశ్మీరులో తీవ్రవాదులు మన జెండాను కాలుస్తారు, అరవింద్ స్వామి మంటమీద పడి దొర్లుతాడు. అదే సమయానికి ఒకడు నమాజు చదువుతుంటాడు, మంటను చూసి కూడా చదువుతానే వుంటాడు. హాలంతా ఈలలు, చప్పట్లు. నా పక్కన కూర్చున్నవాడు నా ప్రాణస్నేహితుడు. వాడు తెర వైపు చూడలేదు. నా వైపు తిరిగి చూసినాడు. నేను చప్పట్లు కొట్టినాను. వాడి కంటే ముందు కొట్టినాను, అందరూ ఆపినాక కూడా కొట్టినాను.

జెండా కాలితే నాకూ కడుపు మండింది, అది నిజం. కానీ ఆ ఆఖరు చప్పట్లు జెండాకోసం కొట్టినవి కావు. అవి ఎవరికోసమో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ‘వేదం’ చూసిన రాత్రి, అమ్మ అడిగిన ప్రశ్న తొలుస్తావుంటే, ఆమెకు చెప్పినాను.

అమ్మ ఆశ్చర్యపోలేదు. ఆకు నమిలి, ఉమ్మేసి వచ్చి, చెప్పింది.

1995లో ‘బొంబాయి’ సినిమాకు అబ్బా ఆమెను చిత్తూరు తీసుకుపోయినాడు. హిందూ అబ్బాయి, ముస్లిం అమ్మాయి కథ. అమ్మకు షైలా బాను పిల్ల నచ్చింది. ఇటికలు చేసే ఆమె నాయన బషీర్‌ను చూస్తే వాళ్ళ పెదనాయన గుర్తొచ్చినాడు. తర్వాత గొడవలొచ్చినాయి. రెండోసారి బొంబాయి తగలబడతావుంటే, కవల పిల్లోళ్ళిద్దరూ తల్లిదండ్రుల నుంచి తప్పిపోతారు. అప్పుడు వెనక వరసలో నుంచి ఒకడు గట్టిగా అన్నాడంట: ‘‘ఒరే, ముందర బురఖా పక్కన కూర్చున్నాడు చూడు, వాని తావ కత్తుందేమో చూడండ్రా.’’ చుట్టూ నవ్వినారు. పెద్ద గొడవేమీ కాదు. ఎవరూ మీద పడలేదు. చీకట్లో ఒక తమాషా.

‘‘మీ అబ్బా ఏం చేసినాడో తెలుసా?’’ అనింది అమ్మ. ‘‘ఆయన కూడా నవ్వినాడు. వెనక్కి తిరిగి, వాళ్ళకు కనిపించేట్టు నవ్వినాడు. కాసేపుండి, బస్సు తప్పిపోతాది లెయ్ అన్నాడు. బస్సుకు ఇంకా గంటన్నరుండాది. బస్టాండులో కూర్చున్నాము. ఇంటికొచ్చి అన్నం తిన్లేదు. ఇంక సినిమా చూడాలంటే డెక్కు తెస్తాలే అన్నాడు.’’

ఆ తర్వాత పండక్కి, పెండ్లికి, మామిడి డబ్బులు చేతికొచ్చినప్పుడంతా డెక్కు తెచ్చేవాడు. రాత్రికి నాలుగు క్యాసెట్లు. మేం ఎగిరి గంతులేసేవాళ్ళం.

ఆ సినిమాలో హిందూ నాయన నారాయణ పిళ్ళైగా చేసింది నాజర్, పేరులోనే వున్నాడు మనోడు. బషీర్‌గా చేసిన కిట్టి మనోడు కాదు. వేషాలు అటువి ఇటు, ఇటువి అటు. అబ్బాకు చెప్పుంటే పడీపడీ నవ్వేవాడు, ఈసారి నిజంగా. అబ్బా పోయి పదకొండేళ్ళయింది.

అమ్మ చాలాసేపు టీవీ వైపే చూసింది. టీవీలో ఏదో ప్రకటన.

‘‘ఆ పిల్లోళ్ళు దొరికినారా?’’ అనింది.

ఏ పిల్లోళ్ళో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

‘‘ఆ కవల పిల్లోళ్ళు. సగంలో లేచొచ్చేస్తిమి కదా.’’

‘‘దొరికినారమ్మా. చివర్లో ఇద్దరూ దొరుకుతారు.’’

‘‘ముసలోళ్ళు?’’

నేను జవాబు వెతుక్కునేలోపల మసీదులో ఇషా అజాన్ మొదలైంది. అమ్మ తలమీద కొంగేసుకోని, రిమోటు తీసుకోని, టీవీ నోరు నొక్కింది. బొమ్మ ఆడతానే వుంది. అజాన్ అయిపోయినాక, ‘‘రేపు అది పెట్టు. మొదటినుంచి కాదు, వాళ్ళు తప్పిపోయిన కాడినుంచి’’ అనింది.